కార్నియా ఉబ్బకముందే దాని బలాన్ని కొలవగలమా?

పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలకు ఆర్నెల్లకోసారి కళ్లజోడు మార్చాల్సి వస్తుంటే ఇంట్లో నింద ముందు ఫోన్ మీదికే పోతుంది. చాలామంది విషయంలో అది మామూలు సైటే. కొందరిలో మాత్రం పెరిగేది సిలిండర్ నంబరు, అంటే కంటి వంపు ఒక్కో దిశలో ఒక్కోలా ఉండటాన్ని సరిచేసే అంకె. కొత్త అద్దాలు పెట్టించినా అక్షరాల పక్కన నీడలు కనిపిస్తాయి. రాత్రిపూట ఎదురొచ్చే బండ్ల లైట్లు గీతలు గీతలుగా సాగుతాయి. ఇలాంటి కళ్లలో కొన్నింటి వెనక కెరటోకోనస్ ఉంటుంది. కంటి ముందు భాగంలో ఉండే పారదర్శకమైన పొర కార్నియా. అది క్రమంగా పలచబడి, లోపలి ఒత్తిడికి ముందుకు ఉబ్బి, శంకువు ఆకారంలోకి మారడమే ఈ జబ్బు. ఎక్కువగా కౌమారంలో మొదలై, ముప్పై నలభై ఏళ్లు వచ్చేదాకా ముదురుతూ, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. చదువు, ఉద్యోగం, పెళ్లి అన్నీ కుదురుకోవాల్సిన కాలంలోనే చూపును దెబ్బతీస్తుంది.

ఇది ఎంతమందికి ఉంది అనే ప్రశ్నకు ఒకే జవాబు లేదు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో చేసిన లెక్క 1986లో అచ్చయింది. దాని ప్రకారం లక్షకు సుమారు 54 మందికి ఈ జబ్బు ఉంది. చాలాకాలం పాఠ్యపుస్తకాలు ఆ అంకెనే చెప్పాయి. 2009లో నాగపూర్ చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై ఏళ్లు పైబడిన వాళ్ల మీద చేసిన అధ్యయనంలో అది 2.3 శాతంగా తేలింది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఇరవై ఏళ్ల యువతను ఆధునిక యంత్రాలతో పరీక్షిస్తే 1.2 శాతం మందిలో కనిపించింది. నాగపూర్ లెక్కలో కార్నియా వంపు 48 డయాప్టర్లు దాటితే కెరటోకోనస్ కింద జమకట్టారు. ఆ గీతను ఒకటి రెండు డయాప్టర్లు పైకి జరిపితే శాతం బాగా పడిపోతుంది. కాబట్టి 2.3ని యథాతథంగా తీసుకోవడం సరికాదు. అలాగని ఇది అరుదైన జబ్బు అనుకోవడానికీ వీల్లేదు. పరికరం మెరుగయ్యేకొద్దీ, వెతికే వయసు తగ్గేకొద్దీ అంకె పెరుగుతూనే వచ్చింది.

తొలిదశలో పట్టుకోవడానికి ఇంత ప్రాధాన్యం రావడం ఈ శతాబ్దంలోనే జరిగింది. 1854లో ఇంగ్లండ్ వైద్యుడు జాన్ నాటింగ్‌హామ్ ఈ జబ్బును వివరంగా రాశాడు. ఆ తర్వాత దాదాపు నూట యాభై ఏళ్లపాటు దాన్ని ఆపే మార్గం లేదు. ముందు కళ్లజోడు, తర్వాత గట్టి కాంటాక్ట్ లెన్సులు, అవీ నిలవకపోతే కార్నియా మార్పిడి. ముందే తెలిసినా చేయగలిగింది తక్కువే. 2003లో జర్మనీలోని డ్రెస్డెన్ నుంచి వొలెన్‌సాక్, ష్పోర్ల్, జైలర్ ఇచ్చిన నివేదికతో ఈ లెక్క మారింది. కార్నియాలోకి రైబోఫ్లేవిన్, అంటే బీ2 విటమిన్ చుక్కలు ఇంకేలా వేసి, అరగంటపాటు అతినీలలోహిత కాంతి పట్టిస్తే అందులోని కొల్లాజెన్ పోగుల మధ్య కొత్త బంధాలు ఏర్పడి పొర గట్టిపడింది. 22 మంది రోగుల మీద చేసిన ఆ తొలి ప్రయత్నంలో జబ్బు ముదరడం ఆగింది. 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనికి అనుమతి ఇచ్చింది. మన దగ్గర ఆస్పత్రుల్లో దీన్నే సీ3ఆర్ అని, క్రాస్‌లింకింగ్ అని అంటారు.

క్రాస్‌లింకింగ్ ప్రధానంగా జబ్బును ఉన్నచోట ఆపుతుంది. కొందరిలో వంపు కాస్త తగ్గినా, పోయిన ఆకారాన్ని పూర్తిగా తిరిగి తేదు. చూపు ఇంకా బాగున్నప్పుడు ఆపితే ఆ చూపే జన్మంతా మిగులుతుంది. సగం పోయాక ఆపితే మిగిలేది ఆ సగమే. పైగా అసలు పద్ధతి ప్రకారం చికిత్సకు కార్నియా కనీసం 400 మైక్రాన్ల మందం ఉండాలి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). లేకపోతే లోపలి కణాలకు కాంతి దెబ్బ తగులుతుంది. అంటే ఆలస్యమయ్యేకొద్దీ చూపుతో పాటు చికిత్సకు ఉన్న వీలూ తగ్గుతుంది.

ఆకారం చెప్పేది, చెప్పలేనిది

చాలాకాలం ఈ జబ్బును పట్టే పద్ధతులన్నీ ఆకారం మీదే ఆధారపడ్డాయి. పందొమ్మిదో శతాబ్దం చివర పోర్చుగల్ వైద్యుడు ప్లసీదో నలుపు తెలుపు వలయాల పళ్లేన్ని రోగి కంటి ముందు పెట్టి, కార్నియా మీద పడే ప్రతిబింబంలో వలయాలు ఎక్కడ వంకర పోతున్నాయో చూశాడు. ఇప్పటి కంప్యూటర్ టోపోగ్రఫీ ఆ ఆలోచనకే కొనసాగింపు. అయితే అది ముందు తలాన్ని మాత్రమే చూస్తుంది. పెంటాక్యామ్ లాంటి టోమోగ్రఫీ యంత్రాలు తిరిగే కెమెరాతో కార్నియా అడ్డకోతలు తీసి వెనక తలాన్ని, ఒక్కో చోట మందాన్ని కూడా లెక్కగడతాయి.

వెనక తలం ముఖ్యమవడానికి ఒక కారణం ఉంది. కార్నియా ముందు భాగాన్ని సుమారు 50 మైక్రాన్ల మందంలో ఎపిథీలియం అనే కణాల పొర కప్పి ఉంటుంది. కింద గుబ్బ లేస్తుంటే ఆ చోట ఈ పొర పలచబడుతుంది, చుట్టూ మందమవుతుంది. దాంతో పైతలం నునుపుగానే కనిపిస్తుంది. కన్ను తనను తాను సరిదిద్దుకునే ఈ గుణమే తొలిదశ జబ్బును మరుగుపరుస్తుంది. అందుకే 2015లో వెలువడిన ప్రపంచ నిపుణుల ఏకాభిప్రాయ పత్రం తేలికపాటి కెరటోకోనస్ అని చెప్పాలంటే వెనక తలం ఎత్తులో తేడా ఉండి తీరాలని పేర్కొంది.

ముందు తలమైనా వెనక తలమైనా రెండూ ఆకారాలే. ఆకారం మారిందంటే దాన్ని మార్చిన కారణం అంతకుముందే పని మొదలుపెట్టింది. కార్నియా మధ్యలో మందం సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. అందులో తొంభై శాతం స్ట్రోమా అనే పొర. వందలాది కొల్లాజెన్ పలకలు ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. ముందు వైపు అవి ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి ఉంటాయి కాబట్టి కార్నియా బలంలో ఎక్కువ భాగం అక్కడిదే. కెరటోకోనస్‌లో ఈ అల్లిక సడలుతుంది. వెనక నుంచి కంటి ఒత్తిడి రాత్రీపగలూ తోస్తూనే ఉంటుంది. పాతబడిన సైకిల్ ట్యూబులో ఒకచోట రబ్బరు బలహీనపడితే గాలి కొట్టినప్పుడు అక్కడే బుడగ లేస్తుంది. కార్నియాలో జరిగేదీ అదే.

2014లో అమెరికా పరిశోధకులు సింథియా రాబర్ట్స్, విలియం డప్స్ ఈ వరసను స్పష్టంగా పేర్చి చూపారు. మొదట కార్నియాలో ఒక చిన్న చోట బలం తగ్గుతుంది. ఆ చోటు ఎక్కువ సాగుతుంది, సాగినచోట పలచబడుతుంది. పలచబడినచోట అదే ఒత్తిడి మరింత భారంగా పడుతుంది, దాంతో ఇంకా సాగుతుంది. వంపు మారడం ఈ వలయంలో తర్వాత వచ్చే మెట్టు. ఈ వాదన నిజమైతే పలచదనం కోసమో గుబ్బ కోసమో ఎదురుచూడటం అంటే జబ్బు కొంత దూరం నడిచాక వెంటపడటమే. మొదటి మెట్టు దగ్గరే, అంటే బలం దగ్గరే కొలత పెట్టాలి.

లేజర్ ఆపరేషన్ల వల్ల ఈ అవసరం ఇంకా పెరిగింది. లాసిక్‌లో కార్నియా పైపొరను రెక్కలా కోసి ఎత్తి, కింది కణజాలాన్ని కొంత కరిగిస్తారు. మంచి కార్నియా దీన్ని తట్టుకుంటుంది. పైకి మామూలుగా కనిపిస్తూ లోపల బలహీనంగా ఉన్న కార్నియా తట్టుకోలేదు, ఆపరేషన్ అయిన నెలలకో ఏళ్లకో ఉబ్బడం మొదలవుతుంది. 1998లో థియో జైలర్ బృందం ఇలాంటి కేసుల్ని బయటపెట్టింది. మన రెండు రాష్ట్రాల్లో పెళ్లి సంబంధాలకు ముందో, ఉద్యోగాల వైద్య పరీక్షలకు ముందో కళ్లజోడు వదిలించుకోవాలని లేజర్‌కు వచ్చే ఇరవై, ఇరవై అయిదేళ్ల వాళ్లు చాలామంది. కెరటోకోనస్ చురుగ్గా ఉండే వయసూ అదే.

గాలి ఊది చూసే పద్ధతి

బతికున్న మనిషి కార్నియా బలాన్ని కొలవడం తేలిక కాదు. ముక్క కోసి లాగి చూడటం ప్రయోగశాలలో దానం చేసిన కళ్లతోనే కుదురుతుంది. దారి దొరికింది కంటి ప్రెషర్ చూసే పాత పరికరంలో. కంటి మీదికి ఒక్కసారి గాలి ఊది, కార్నియా ఎప్పుడు చదునవుతుందో చూసి లోపలి ప్రెషర్ లెక్కగట్టడం ఎప్పటినుంచో ఉంది. గాలి దెబ్బకు కార్నియా లోపలికి పోయి మళ్లీ బయటికి వస్తుంది. ఆ రాకపోకలోనే దాని గుణం బయటపడుతుందన్నది కొత్త ఆలోచన.

2005లో డేవిడ్ లూస్ వివరించిన ఆక్యులర్ రెస్పాన్స్ ఎనలైజర్ ఈ రకంలో మొదటిది. కార్నియా లోపలికి పోతూ ఒకసారి, బయటికి వస్తూ ఇంకోసారి చదునవుతుంది. ఈ రెండు క్షణాల్లో గాలి ఒత్తిడి ఒకటే ఉండదు. కార్నియా కొంత శక్తిని తనలో ఇముడ్చుకుంటుంది కాబట్టి రెండోది తక్కువగా ఉంటుంది. ఆ తేడానే హిస్టెరిసిస్. ఆరోగ్యకరమైన కళ్లలో ఇది సగటున పది పదకొండు మిల్లీమీటర్ల పాదరసం, కెరటోకోనస్ ఉన్నవాళ్లలో సగటున ఎనిమిది తొమ్మిది. సగటుల్లో తేడా స్పష్టమే అయినా ఒక్కో మనిషి దగ్గరికి వస్తే రెండు గుంపుల అంకెలు బాగా కలిసిపోతాయి. తొమ్మిదిన్నర వచ్చిన వ్యక్తికి జబ్బు ఉందో లేదో ఈ అంకె చెప్పలేదు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కార్నియాను గట్టిపరిచే క్రాస్‌లింకింగ్ చేశాక కూడా చాలా అధ్యయనాల్లో హిస్టెరిసిస్ చెప్పుకోదగ్గంత మారలేదు. గట్టిదనం పెరిగినా కదలని అంకె గట్టిదనాన్ని నేరుగా కొలుస్తోందని చెప్పడం కష్టం. అది శక్తిని ఇముడ్చుకునే గుణానికి కొలత, గట్టిదనం వేరే సంగతి.

జర్మనీ కంపెనీ ఆక్యులస్ తెచ్చిన కోర్విస్ ఎస్‌టీ దీన్ని ఒక మెట్టు ముందుకు తీసుకెళ్లింది. ఇది గాలి ఊదుతూనే సెకనుకు 4,330 ఫ్రేముల వేగంతో కార్నియా అడ్డకోతను వీడియో తీస్తుంది. గాలి ఊదేది సెకనులో సుమారు ముప్పయ్యో వంతు మాత్రమే అయినా ఆ కాస్త వ్యవధిలో 140 బొమ్మలు దొరుకుతాయి. రోగికి అది ఒక్క రెప్పపాటు ఉలికిపాటు, అంతే. ఆ బొమ్మల్లో చూసేవి చాలా ఉన్నాయి: నడిమి భాగం ఎంత లోతుకు పోయింది, రెండు మిల్లీమీటర్ల పక్కన ఎంత పోయింది, ఈ రెంటి నిష్పత్తి ఎంత, లోపలికి పోయినప్పుడు గుంట ఎంత కోసుగా ఉంది, మొదటిసారి చదునవడానికి ఎంత ఒత్తిడి పట్టింది. మెత్తని కార్నియాలో నడిమి భాగం ఒక్కటే లోతుగా కుంగుతుంది, పక్కలు అంతగా కదలవు. గట్టి కార్నియా మొత్తంగా కదులుతుంది. ఈ ఒక్క తేడా చాలా సంగతులు చెబుతుంది.

2016లో రికార్డో విన్చిగ్వెర్రా బృందం వీటిని కలిపి సీబీఐ (కోర్విస్ బయోమెకానికల్ ఇండెక్స్) అనే సూచిక తయారుచేసింది. సున్నా నుంచి ఒకటి దాకా వచ్చే ఈ అంకె 0.5 దాటితే జబ్బు వైపు. స్పష్టమైన కెరటోకోనస్ కళ్లను, మామూలు కళ్లను అది 98 శాతానికి పైగా సరిగ్గా విడదీసింది. అయితే స్పష్టమైన కెరటోకోనస్‌ను ఆకారం చూసే యంత్రమూ చెబుతుంది, అక్కడ కొత్త పరికరం అవసరం లేదు. అసలు పరీక్ష ఆకారం ఇంకా మారని కంటి దగ్గరే.

దానికోసం 2017లో బ్రెజిల్‌కు చెందిన రెనాటో ఆంబ్రోసియో నాయకత్వంలో టీబీఐ (టోమోగ్రాఫిక్ అండ్ బయోమెకానికల్ ఇండెక్స్) వచ్చింది. బలం కొలతలకు ఆకారం కొలతలను జతచేసి, రాండమ్ ఫారెస్ట్ అనే మెషీన్ లెర్నింగ్ పద్ధతితో ఒకే అంకెగా మార్చారు. అందులో ముఖ్యమైన గుంపు 94 కళ్లది. ఒక కంటిలో జబ్బు స్పష్టంగా ఉండి, రెండో కంటి ఆకారం మామూలుగానే కనిపించేవాళ్ల రెండో కళ్లు అవి. గీతను 0.29 దగ్గర పెడితే ఈ 94లో 90.4 శాతాన్ని టీబీఐ పట్టుకుంది, మామూలు కళ్లలో 96 శాతాన్ని మామూలుగానే గుర్తించింది. ఆకారం ఒక్కదానితోనో బలం ఒక్కదానితోనో ఇంత ఫలితం రాలేదు.

అంకెను ఎంతవరకు నమ్మాలి

ఈ ఫలితాలు నిజమైనవే. చాలా ఏళ్ల శ్రమ వాటి వెనక ఉంది. కానీ ఆస్పత్రి రిపోర్టులో ఎర్రరంగులో అచ్చయ్యే ఒక్క అంకెను కార్నియా బలం అని చదివేయడం తప్పు.

మొదటి సంగతి, గాలి దెబ్బకు కార్నియా ఎలా కదులుతుందన్నది దాని గట్టిదనం ఒక్కదాని మీదే ఆధారపడదు. కంటి ప్రెషర్ ఎక్కువ ఉంటే మెత్తని కార్నియా కూడా గట్టిదానిలా ప్రవర్తిస్తుంది. మందం ఎక్కువ ఉన్నా అంతే. వయసుతో పాటు కొల్లాజెన్ మధ్య బంధాలు సహజంగానే పెరుగుతాయి కాబట్టి యాభై ఏళ్ల కార్నియా పదిహేనేళ్ల కార్నియా కంటే గట్టిగా ఉంటుంది. ఈ మూడింటినీ విడదీయడానికి లివర్‌పూల్‌లో అహ్మద్ ఎల్షేక్ బృందం స్ట్రెస్ స్ట్రెయిన్ ఇండెక్స్ అనే కొలతను రూపొందించింది. యాభై ఏళ్ల సగటు కార్నియాకు విలువ 1 అనుకుని, అంతకంటే మెత్తగా ఉంటే తక్కువ, గట్టిగా ఉంటే ఎక్కువ వచ్చేలా లెక్క పెట్టారు. దిశ సరైనదే, కానీ ఇదీ కంప్యూటర్ నమూనాల మీద నడిచే అంచనాయే. మరోవైపు సీబీఐ లెక్కలోనే కార్నియా మందం ఎలా మారుతుందో చెప్పే కొలత ఒకటి కలిసి ఉంది. పేరులో బయోమెకానికల్ అని ఉన్నా అందులో ఆకారం పాలు ఉంది. రోగనిర్ధారణకు దీనివల్ల నష్టం లేదు, లాభమే. బలం ముందు పోయిందా ఆకారం ముందు మారిందా అన్న శాస్త్ర ప్రశ్నకు మాత్రం దీన్ని రుజువుగా చూపలేం.

రెండో సంగతి ఇంకా లోతైనది. తొలిదశ జబ్బుకు నమూనాగా అధ్యయనాలు తీసుకునేది రోగి రెండో కంటిని. పైన చెప్పిన 2015 ఏకాభిప్రాయ పత్రం నిజమైన కెరటోకోనస్ ఎప్పుడూ ఒక్క కంటికే పరిమితం కాదని చెప్పింది కాబట్టి రెండో కంటిలోనూ బీజం ఉంటుందన్నది తర్కం. కానీ ఒక కంటిని మాత్రమే గట్టిగా నులుముకునే అలవాటు వల్ల ఒకవైపే ఉబ్బు రావచ్చని కూడా ఆ నిపుణులే ఒప్పుకున్నారు. అంటే ఆ 94 లాంటి గుంపుల్లో నిజంగా ఆరోగ్యంగా ఉన్న కళ్లు కొన్ని కలిసి ఉండే అవకాశం ఉంది. వాటిని సూచిక మామూలు అంటే తప్పు కింద లెక్కకొస్తుంది, జబ్బు అంటే ఒప్పు కింద లెక్కకొస్తుంది. ఆ తర్వాత వేర్వేరు దేశాల్లో చేసిన అధ్యయనాల్లో, మన చెన్నైతో సహా, టీబీఐని పరీక్షించినప్పుడు ఇలాంటి తొలిదశ కళ్లను పట్టే శాతం ఒక్కోచోట ఒక్కోలా వచ్చింది, చాలాచోట్ల మొదటి అధ్యయనం కంటే తగ్గింది. గీత ఎక్కడ పెట్టాలన్నదీ మారింది. చిన్న గుంపు మీద నేర్చుకున్న ఏ మెషీన్ లెర్నింగ్ సూచికకైనా ఇది తప్పదు. ఇంకా ఎక్కువ కళ్లతో నేర్పిన టీబీఐ రెండో రూపం 2023 నాటికి రావడానికి కారణం ఇదే.

మూడోది సాదా లెక్క. లేజర్ కోసం వెయ్యి మంది వచ్చారనుకుందాం. వాళ్లలో రెండు శాతం మందికి, అంటే 20 మందికి దాగి ఉన్న జబ్బు ఉందనుకుందాం. 90 శాతం పట్టే సూచిక 18 మందిని పట్టి, ఇద్దరిని వదిలేస్తుంది. మిగిలిన 980 మంది ఆరోగ్యవంతుల్లో నాలుగు శాతం, అంటే సుమారు 39 మందిని పొరపాటున అనుమానిస్తుంది. మొత్తం 57 మంది రిపోర్టులు ఎరుపులో వస్తాయి. అందులో నిజంగా జబ్బు ఉన్నవాళ్లు మూడో వంతు కంటే తక్కువ.

ఈ లెక్క చూసి సూచిక పనికిరాదనుకోకూడదు. లేజర్ ఆస్పత్రిలో ఈ తప్పుడు అనుమానం ఖరీదు చాలా తక్కువ. ఆ 39 మంది కళ్లజోడుతోనే ఉంటారు, లేదా కార్నియాను పలచబరచకుండా కంటి లోపల అమర్చే ఐసీఎల్ లెన్స్ లాంటి మార్గం చూసుకుంటారు. ఇటువైపు 18 మంది కళ్లు కోలుకోలేని దెబ్బ నుంచి బయటపడతాయి. ఇక్కడ బలం కొలత వాడకపోవడానికి సరైన కారణం కనిపించదు. ఊళ్లో బడిపిల్లలందరినీ ఇదే యంత్రం ముందు కూర్చోబెడితే మాత్రం కథ వేరు. తప్పుడు అనుమానంతో నగరానికి తిరిగే కుటుంబాలు వందల్లో ఉంటాయి, ఆ టెన్షన్, ఆ ఖర్చు వాళ్లే మోయాలి. అంకె ఒకటే అయినా అది ఎవరి మీద, ఏ నిర్ణయం కోసం వాడుతున్నామన్నదాన్ని బట్టి దాని విలువ మారిపోతుంది.

గాలి లేకుండా కాంతితోనే

గాలి పద్ధతికి ఒక పరిమితి ఎప్పటికీ పోదు. అది కార్నియా మొత్తం కదలికను చూస్తుంది. జబ్బు మొదలయ్యేది చిన్న చోట. ఆ ఒక్క చోటు బలాన్ని విడిగా చూపగల పద్ధతి బ్రిల్వా మైక్రోస్కోపీ. ఏ పదార్థంలోనైనా ఎప్పుడూ అతిసూక్ష్మమైన ధ్వని తరంగాలు కదులుతుంటాయి. వాటిని తాకి వెనక్కొచ్చే కాంతి పౌనఃపున్యం కాస్త మారుతుందని ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త లియోన్ బ్రిల్వా 1922లో చెప్పాడు. పదార్థం గట్టిగా ఉంటే మార్పు ఎక్కువ, మెత్తగా ఉంటే తక్కువ. హార్వర్డ్‌లో జూలియానో స్కార్చెల్లి, సియోక్ హ్యున్ యున్ దీన్ని మనిషి కంటికి తెచ్చారు. 2014లో వాళ్లు చూపిన ఫలితం ఈ మొత్తం చర్చకు కీలకం: కెరటోకోనస్ కార్నియాలో గుబ్బ ఉన్నచోట విలువ తగ్గింది, దూరంగా ఉన్నచోట మామూలు కార్నియాలాగే ఉంది. బలహీనత ఒక చిన్న చోటికే పరిమితమన్న రాబర్ట్స్, డప్స్ వాదనకు ఇది గట్టి ఊతం.

ఈ పద్ధతి ఇంకా ప్రతి ఆస్పత్రికీ చేరలేదు. స్కాన్ చేస్తున్నంతసేపూ కన్ను కదులుతుంటుంది, ఆ కదలికను వెంటాడి సరిచేయాలి. కార్నియాలో నీటి శాతం మారినా విలువ మారుతుంది. కాంతితో కంటి అడ్డకోత బొమ్మలు తీసే ఓసీటీ స్కాన్‌తో కార్నియా సన్నని కంపనాలను చదివే ఎలాస్టోగ్రఫీ మీద కూడా పని జరుగుతోంది.

మన దేశంలో ఈ రంగానికి చెప్పుకోదగ్గ కేంద్రం బెంగళూరులోని నారాయణ నేత్రాలయ. రోహిత్ శెట్టి, అభిజిత్ సిన్హా రాయ్ అక్కడి నుంచి కార్నియా బలం కొలతల మీద, దాని వెనక ఉన్న జీవరసాయనాల మీద ఎన్నో పరిశోధనలు వెలువరించారు. ఇక కార్నియా ముదిరి మార్పిడి దాకా వచ్చినవాళ్లకు హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ దేశంలోనే పెద్ద ఆసరా. అంతదాకా రానివ్వకుండా ఆపాలంటే మొదటి అనుమానం జిల్లా కేంద్రంలో, మండలంలో, కళ్లజోళ్ల షాపులో రావాలి.

అక్కడ కోర్విస్ ఉండదు, అవసరం కూడా లేదు. అనుభవం ఉన్న ఆప్టోమెట్రిస్టు చేతిలో రెటినోస్కోప్ అనే చిన్న టార్చి చాలు. కార్నియా వంకర పోయిన కంటిలోకి దాని వెలుగు వేసినప్పుడు ప్రతిబింబం కత్తెర నోరులా తెరుచుకుని మూసుకున్నట్టు కదులుతుంది. కొన్ని సెకన్లలో అయిపోయే ఈ పరీక్ష ఖర్చు లేనిది. ఆటోమేటిక్ యంత్రాలు వచ్చాక దీన్ని పక్కనపెట్టేయడం ఈ జబ్బు విషయంలో పెద్ద నష్టం. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా, బెంగళూరు శంకర కంటి ఆస్పత్రితో కలిసి 2021లో స్మార్ట్‌కేసీ అనే పరికరాన్ని చూపింది. స్మార్ట్‌ఫోన్‌కు త్రీడీ ప్రింటర్‌తో చేసిన వలయాల భాగం తగిలించి కార్నియా ఆకారాన్ని చదువుతుంది. ఇవి బలాన్ని కొలవవు, ఆకారాన్నే చూస్తాయి. అయినా లక్షలమందిలోంచి వందలమందిని ఏరడానికి ఇవే సరైనవి. ఆ వందలమందిలో ఎవరు నిజంగా ప్రమాదంలో ఉన్నారో తేల్చడానికి బలం కొలతలు కావాలి. ఖరీదైన యంత్రం రెండో మెట్టు మీద ఉన్నప్పుడే దాని అంకెకు అర్థం నిలబడుతుంది, ఎందుకంటే అప్పటికి జబ్బు ఉండే అవకాశం రెండు శాతం నుంచి బాగా పైకి చేరి ఉంటుంది.

మరో ప్రశ్నకు యంత్రమే అక్కర్లేదు: కళ్లు నులుముకుంటావా? అలర్జీతో దురద వచ్చి, పిడికిలి మడిచి వేళ్ల కణుపులతో గట్టిగా నులుముకునే అలవాటుకు, కెరటోకోనస్‌కు సంబంధం ఉందని ఎన్నో అధ్యయనాలు చూపాయి. పారిస్ వైద్యుడు డామియాన్ గాటినెల్ అయితే నులుముకోవడమే అసలు కారణమని, అది లేకపోతే జబ్బే లేదని వాదిస్తాడు. అంతదూరం అందరూ వెళ్లరు. ఇంట్లో అన్నకో అక్కకో ఉంటే తోబుట్టువులకు వచ్చే అవకాశం పెరగడం లాంటి వంశపారంపర్య సంగతులను ఆ వాదన పూర్తిగా వివరించలేదు. కానీ బలహీనపడుతున్న కార్నియాను రోజూ నలిపితే మేలు జరగదన్న దాని మీద వివాదం లేదు. వేడి, దుమ్ము ఎక్కువగా ఉండే మన ప్రాంతాల్లో ఎండాకాలం వస్తే ఎర్రబడిన కళ్లతో తిరిగే మగపిల్లలు ప్రతి బడిలో కనిపిస్తారు. తెలంగాణలో 2018లో మొదలైన కంటి వెలుగు, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో బడిపిల్లలతో మొదలుపెట్టిన వైఎస్సార్ కంటి వెలుగు లాంటి పెద్ద శిబిరాలు మళ్లీ జరిగినప్పుడు ఈ ఒక్క ప్రశ్న, సిలిండర్ నంబరు ఎంత పెరిగిందన్న ఒక్క నమోదు చేర్చితే చాలామంది పిల్లలు సమయానికి పైమెట్టుకు చేరతారు.

ఆ పైమెట్టు మీద ఆకారం మామూలుగా ఉండి, బలం సూచిక మాత్రం ఎరుపులో వచ్చిన పిల్లల విషయంలో ఏం చేయాలన్నది తల్లిదండ్రులను ఎక్కువ కంగారుపెట్టే సందర్భం. ఇప్పటికున్న ఆధారాలతో చేయదగినవి తెలుసు. నులుముకోవడం మాన్పించాలి, దురదకు డాక్టరు రాసిన చుక్కలు క్రమం తప్పక వేయాలి, లేజర్ ఆలోచన పక్కనపెట్టాలి. ఆర్నెల్లకోసారి, వీలైతే అదే యంత్రం మీద, పరీక్ష మళ్లీ చేయించి పాత రిపోర్టులన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక యంత్రం అంకెను ఇంకో యంత్రం అంకెతో పోల్చకూడదు. వంపు పెరుగుతోందని, మందం తగ్గుతోందని ఆ రిపోర్టుల్లో కనిపిస్తే క్రాస్‌లింకింగ్‌కు ఆలస్యం చేయకూడదు. పిల్లల్లో ఈ జబ్బు పెద్దవాళ్లలో కంటే త్వరగా ముదురుతుంది. ఏ మార్పూ లేకుండా సూచిక ఒక్కటే ఎర్రగా ఉందని ఆపరేషన్ బల్ల ఎక్కించమని ఎవరైనా తొందరపెడితే, ఇంకో కార్నియా నిపుణుడి అభిప్రాయం తీసుకునే హక్కు ఆ కుటుంబానికి ఉంది.